బేస్‌మెంట్‌నే గదిగా మార్చాలా, మేడ మీద కొత్త గది వేయాలా?

ఇంట్లో చోటు చాలకపోతే చూపు ముందు బేస్‌మెంట్ మీదకే పోతుంది. గోడలు, నేల, కప్పు ఉన్నవే కాబట్టి ఖర్చు మామూలుగా మేడ గది కంటే తక్కువ. వాన పడినా పని ఆగదు.

అసలు టెన్షన్ చెమ్మతోనే. కాంక్రీటు చుట్టూ ఉన్న మట్టిలోని తడిని పీల్చుకుంటుంది. రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపు వేసి నేలకు అంటించి, రెండు మూడు రోజులు వదిలేయండి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే తడి నేలలోంచే వస్తున్నట్టు. పైన కనిపిస్తే గాలిలో తేమ ఎక్కువన్నమాట. అడుగున తడి ఉంటే కార్పెట్, జిప్సం బోర్డు మాట అప్పుడే ఎత్తకండి. వాటి వెనకే బూజు చేరుతుంది.

మేడ గదికి ఈ బాధ లేదు, వెలుతురూ పుష్కలం. కానీ పాత పునాది ఆ బరువు మోస్తుందా అన్నది ఇంజనీరు తేల్చాలి. పైగా మెట్లకు కింద కొంత చోటు పోతుంది. దాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు!

సినిమా గదికో, వ్యాయామానికో అయితే నా ఓటు బేస్‌మెంట్‌కే. పడకగదికి మాత్రం మేడే. మంటలొస్తే మనిషి దూరి బయటపడేంత కిటికీ కింద పెట్టగలిగితే అప్పుడు ఆలోచించవచ్చు.