పిండిన తల్లిపాలు దేనితో పట్టాలి: ఉగ్గుగిన్నె మేలా, పాలసీసా మేలా?

మా పెద్దాడు పుట్టిన రెండో రోజు రాత్రి, ఆపరేషన్ కుట్లతో నాకు పక్కకి తిరగడమే గగనంగా ఉంది. వాడేమో ఒకటే ఏడుపు. నర్సు డబ్బా పాలు కలిపి సీసాతో పట్టించేసింది. గుటగుటా తాగి నిద్రపోయాడు, అందరం హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు నా దగ్గర పెడితే రెండుసార్లు చప్పరించి, ముఖం తిప్పేసి, గుక్కపట్టాడు. మళ్ళీ రొమ్ము పట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదేళ్ళ తరవాత చిన్నది నాలుగు వారాల ముందే పుట్టింది. ఈసారి మా అమ్మ వెండి ఉగ్గుగిన్నె సంచిలో వేసుకుని మరీ వచ్చింది. అలా రెండూ వాడిన చెయ్యి నాది.

బిడ్డ నేరుగా తాగుతుంటే మాత్రం ఈ రెండిటితోనూ పని లేదు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలని, ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బిడ్డకి చీకే ఓపిక లేకపోతేనో, వేరే వార్డులో ఉంటేనో, తల్లి పనిలోకి వెళ్తేనో ఈ ప్రశ్న వస్తుంది.

మొదటి రెండు మూడు రోజులైతే పోటీయే లేదు, ఉగ్గుగిన్నెదే. ముర్రుపాలు పూటకి చెంచాడు వస్తే ఎక్కువ. పసుపుపచ్చగా, చిక్కగా, జిగురుగా ఉంటాయి. పంపు పెడితే సగం దానికే అంటుకుపోతాయి. చేత్తో పిండి, చుక్కచుక్కా గిన్నెలోకే పట్టి, ఆ గిన్నెతోనే తాగించేయొచ్చు. ఇరవై నిమిషాలు పిండితే నాకు గిన్నె అడుగు మాత్రం తడిసింది. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సిస్టర్ నవ్వి, "దాని పొట్టకి ఇదే భోజనమమ్మా" అంది.

అసలు తేడా నోటి పనిలో ఉంది. రొమ్ము దగ్గర బిడ్డ నోరు బార్లా తెరవాలి, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, నాలుకతో నొక్కి లాగాలి. పాలు దిగేదాకా కాస్త ఆగాలి కూడా. సీసా పీకకి ఇదంతా అక్కర్లేదు, పెదవి ఆనగానే కారుతుంది. దీనికి పిల్లలందరూ తికమక పడరు. మావాడు పడ్డాడు. నెలలు నిండని పిల్లలకి సీసా బదులు కప్పుతో పట్టినచోట తల్లిపాలు ఎక్కువ కాలం సాగాయని 2016 నాటి కోక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది. మన ఆసుపత్రుల్లో మామూలుగా కడుపులో 32 వారాలు నిండకుండా పుట్టిన పిల్లలకి ట్యూబుతో, 32 నుంచి 34 వారాల మధ్య పుట్టినవాళ్ళకి ఉగ్గుగిన్నెతో లేదా చెంచాతో పడతారు. గిన్నెని సిస్టర్లు 'పలాడ' అంటారు. 34 దాటితే రొమ్ము అలవాటు చేస్తారు. మా చిన్నది ఆ గీత దాటే పుట్టింది గానీ నాలుగు గుక్కలకే అలిసి నిద్రపోయేది. ముందు రొమ్ము పట్టించి, తరవాత పిండి గిన్నెతో పట్టేవాళ్ళం.

అన్నట్టు, పాలసీసాల ప్రకటన టీవీలో ఎప్పుడైనా చూశారా? 1992లో వచ్చిన చట్టం డబ్బా పాలతోపాటు సీసాల ప్రచారాన్నీ నిషేధించింది.

అలాగని గిన్నె ఎవరు పట్టినా ఒకటే కాదు. పాతకాలంలో బిడ్డని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఆముదం, వస ఇదే గిన్నెతో పోసేవారు. (ఆగకుండా మాట్లాడేవాణ్ణి "వస ఎక్కువ పోశారా?" అంటాం కదా, ఆ వస.) అవి ఇప్పుడు వద్దు, తేనె అయితే ఏడాది దాకా అసలు వద్దు. పాలు కూడా అలా పోస్తే పొలమారుతుంది. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, తల ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. గిన్నె మూతిని కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలేంతే వంచాలి. మింగాకే మళ్ళీ. ఆసుపత్రి నుంచి వచ్చేలోపే సిస్టర్ ఎదురుగా రెండు మూడుసార్లు పట్టి చూపించండి.

కడగడంలోనూ గిన్నెదే పైచేయి. అది అరచేతిలో పడుకునే వస్తువు, మూలలు లేవు. సబ్బునీళ్ళతో కడిగి పది నిమిషాలు మరిగిస్తే అయిపోయింది. స్టీలుదైనా చాలు, వెండే అక్కర్లేదు. సీసాకి మెడ, రింగు, పీక. పీక లోపల మీగడ పేరుకుంటుంది, వేలు దూరదు. పసిపిల్లల విరేచనాలకి దారి అదే.

మరి సీసాకి ఏం మిగిలింది? టైమ్. చట్టంలో 26 వారాల ప్రసూతి సెలవుంది గానీ నాకు దొరికింది మూడు నెలలే. పొద్దున్నే పాలు పిండి, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టి వెళ్ళాలి. బయట నాలుగు గంటలు నిలవుంటాయంటారు గానీ మన ఎండలకి అంత సాహసం చేయకండి. పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చన చేస్తే చాలు. తాగగా మిగిలింది పారబోయాల్సిందే, ప్రాణం ఉసూరుమన్నా సరే. మూడో నెల పిల్లకి పూటకి ఇన్ని పాలు ఉగ్గుగిన్నెతో పట్టాలంటే ఎంతసేపు?

నేను ఆఫీసుకి వెళ్ళిన మొదటిరోజు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "సగం అది తాగిందే, సగం నా చీర తాగింది." సాయంత్రం వస్తూ వస్తూ సీసా కొన్నాను, బ్రష్‌తో సహా.