నుంగంబాక్కంలో తెలుగు అక్షరాలు, 27 రోజుల లెక్క

మార్చి మూడో వారంలో మా అమ్మాయితో కలిసి చెన్నై వెళ్లాను. సూర్యుడి నుంచి వచ్చే కణాల తాకిడికి భూమి చుట్టూ చెలరేగే అయస్కాంత తుఫానుల తేదీలను తను ఏడాదిగా గోడ క్యాలెండర్‌లో గుర్తు పెడుతోంది. విషువత్తుల వేళ, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల్లో, వాటి జోరు ఎక్కువ. ఆ రోజుల్లోనే వెళ్దామని పట్టుబట్టింది.

ఎగ్మూరులో దిగిన లాడ్జి ఎవరికీ చెప్పదగ్గది కాదు. ఒప్పుకున్న గది ఇవ్వలేదు, వేడినీళ్లు రాలేదు. మర్నాడే సైదాపేటలో పిన్ని ఇంటికి మారాం. "మేము లేమురా? లాడ్జికెందుకు వెళ్లావు?" అని కోప్పడింది.

మేము వచ్చింది నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉన్న గ్రానైట్ స్తంభం కోసం. ముందే అనుమతి అడిగి, లోకల్ రైల్లో వెళ్లాం. 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీలో నక్షత్రాలను కొలిచే పరికరాన్ని దీనిమీదే నిలిపారు. లాటిన్, తమిళం, హిందుస్తానీలతో పాటు తెలుగులోనూ చెక్కిన రాత ఉంది. అమ్మాయి ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి కూడబలుక్కుంటుంటే నాకు గొంతు పట్టేసింది. 1850లలో, ఇలాంటి తుఫానులకు చలించే అయస్కాంత సూచి కదలికలను రాసిపెట్టింది కూడా ఈ అబ్జర్వేటరీలోనే.

ఈ తుఫానులు తరచూ 27 రోజులకోసారి మళ్లీ వస్తాయి. 27 అనగానే మనకు అశ్విని నుంచి రేవతి దాకా నక్షత్రాలు గుర్తొస్తాయి. ఇది చంద్రుడి లెక్క కాదు, సూర్యుడిది. సూర్యుడు తన చుట్టూ తాను తిరిగి, అదే ముఖాన్ని మళ్లీ మనవైపు తిప్పడానికి సుమారు 27 రోజులు. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో ఏర్పడే రంధ్రాల నుంచి వేగంగా వీచే సౌరపవనం, అంటే కణాల ప్రవాహం, రెండు, మూడు రోజుల్లో భూమిని తాకుతుంది. రంధ్రం కొన్ని నెలలు నిలిస్తే తుఫాను కూడా అదే వరసలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీ రికార్డులు చూసి మాండర్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1904లోనే ఈ వరసను పట్టుకున్నాడు. దాని వెనకున్న రంధ్రాలు తేలింది మాత్రం 1970లలో, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ వంటి వాటి పరిశీలనలతో.

కోట్టూరుపురం నక్షత్రశాలకు పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. ప్రదర్శనలు తమిళం, ఇంగ్లీషుల్లో ఉంటాయి కాబట్టి తెలుగే వచ్చిన పెద్దవాళ్ల పక్కన కూర్చుని చెప్పాలి. మాతో వచ్చిన పిన్నికి నేను అలాగే చెప్పాను. నుంగంబాక్కం, కోట్టూరుపురం ఒకే రోజు పెట్టుకోకండి. స్తంభం దగ్గర తొందరపడకూడదు.

బయలుదేరే ముందు అమ్మాయి పిన్ని క్యాలెండర్‌లో 27 గళ్లు లెక్కపెట్టి, ఏప్రిల్ నెలలో ఒక తేదీకి సున్నా చుట్టింది. "ఆ రోజు ఏం పండగే?" అని పిన్ని కళ్లజోడు సర్దుకుని చూసింది.