ఆత్మరక్షణకు ఏది మేలు: పట్టా, దెబ్బా?

బాక్సింగ్, కరాటే, మువాయ్ థాయ్ నేర్చుకున్నవాళ్లు ఒక వైపు. పట్టుకుని లొంగదీసే కుస్తీ, జూడో, జియుజిట్సు నేర్చుకున్నవాళ్లు ఇంకో వైపు. నిజంగా ఎవడైనా మీద పడితే ఏది పనికొస్తుందన్న ప్రశ్న వస్తే ఈ రెండు వర్గాలూ ఒక పట్టాన రాజీపడవు. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కటే నేర్చుకునే వీలుంటే పట్లే నేర్చుకోవాలి. అయితే పట్లలో అందరూ మోజుపడే భాగం వేరు, నేను చెప్పే భాగం వేరు. ఎదుటివాణ్ణి కింద పడేసి మెడ బిగించడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది. ఆత్మరక్షణకు మాత్రం కింద పడకుండా నిలదొక్కుకోవడం, పట్టుకున్న చేతులను విడిపించుకోవడం, పడితే వెంటనే లేవడం ముఖ్యం. ఈ మూడూ వచ్చాకే దెబ్బల సంగతి.

ఎందుకో తెలియాలంటే దాడి ఎలా మొదలవుతుందో చూడాలి. రింగులో ఇద్దరూ కొంత దూరంలో, చేతులు పైకెత్తి, సిద్ధంగా ఉంటారు. బయట ఎదుటివాడు మాట్లాడుతూనే దగ్గరికి వచ్చేస్తాడు. కాలరో, మణికట్టో, జుట్టో పట్టుకుంటాడు. తోస్తాడు, గోడకు అదిమిపెడతాడు. లేదంటే మాట మధ్యలోనే ఒక్కసారిగా గుద్దుతాడు. గుద్దు తిన్నవాడు ఆ క్షణంలో తనకు తెలియకుండానే ఎదుటివాణ్ణి పట్టుకుంటాడు. కళ్లు తిరిగినప్పుడు పేరున్న బాక్సర్లు కూడా అదే చేస్తారు. అక్కడ విడదీయడానికి రెఫరీ ఉంటాడు. బయట ఎవరూ ఉండరు కాబట్టి ఆ పెనుగులాట అలాగే సాగుతుంది. దెబ్బలతో మొదలైన గొడవ కూడా చాలాసార్లు కొద్ది సెకన్లలోనే పట్లలోకి దిగేది ఇందుకే. అంత దగ్గరలో ఏం చేయాలో తెలియకపోతే, ఎంత మంచి గుద్దు నేర్చుకున్నా దాన్ని వేసే జాగా దొరకదు.

1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో, అంటే వేర్వేరు పోరాట విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీలో, ఇదే కనిపించింది. బరువు తరగతులు లేవు. కొరకడం, కళ్లు పొడవడం తప్ప దాదాపు అన్నీ చెల్లుతాయి. సుమారు 80 కిలోల బరువున్న జియుజిట్సు ఆటగాడు రాయ్స్ గ్రేసీ ఆ ఒక్క రాత్రే ముగ్గురిని లొంగదీశాడు. వాళ్లలో మొదటివాడు ఆర్ట్ జిమ్మర్సన్, వృత్తి బాక్సర్. కింద పడ్డాక గ్రేసీ బరువు కింద నుంచి బయటపడే దారి తెలియక ఓటమి ఒప్పుకున్నాడు. అన్నేళ్ల బాక్సింగ్ అతనికి ఆ రాత్రి అక్కరకు రాలేదు.

చాలామంది ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. నాలుగేళ్ల తర్వాత జరిగినది నాకు ఇంకా ముఖ్యంగా అనిపిస్తుంది. 1997 జులైలో యూఎఫ్‌సీ 14లో కిక్‌బాక్సర్ మారిస్ స్మిత్, కుస్తీలో ఆరితేరిన మార్క్ కోల్‌మన్‌ను ఓడించాడు. కోల్‌మన్ అతన్ని కింద పడేశాడు. స్మిత్ కంగారుపడకుండా కింద నుంచి కాచుకున్నాడు, మళ్లీ లేచాడు. కోల్‌మన్ అలసిపోయాక నిలబడి కొట్టాడు. గెలిచింది దెబ్బలతోనే. ఆ దెబ్బలు వేసే అవకాశం మాత్రం పట్లు నేర్చుకోవడం వల్లే వచ్చింది. పట్లు తెలియనివాడికి, గొడవ నిలబడి జరగాలా, నేల మీద జరగాలా అన్నది తన చేతిలో ఉండదు. ఈ ఒక్క కారణానికే నేను పట్ల వైపు మొగ్గుతాను.

ఇంకో కారణం సాధనలో ఉంది. జపాన్‌కు చెందిన జిగోరో కానో 1882లో కొడోకాన్ అనే శిక్షణ పాఠశాల స్థాపించి జూడోకు రూపం ఇచ్చినప్పుడు, జుజుట్సు అనే పాత జపాన్ పోరాట విద్యలోని ప్రమాదకరమైన ఎత్తులను విడిగా ఉంచాడు. మిగిలినవాటిని ఇద్దరూ పూర్తి బలంతో, ఒకరినొకరు నిజంగా ఎదిరిస్తూ చేసే పద్ధతిని సాధనకు కేంద్రం చేశాడు. దాన్ని రందోరి అంటారు. ఓడిపోతున్నవాడు చేత్తో తడితే చాలు, అవతలివాడు వదిలేస్తాడు. మళ్లీ మొదలుపెడతారు. ఒప్పుకోని మనిషి మీద తన ఎత్తు పారుతుందో లేదో విద్యార్థికి ప్రతి క్లాసులోనూ తెలిసిపోతుంది. మెడకు, మోకాళ్లకు దెబ్బలు తగలవని కాదు. కానీ తల రోజూ దెబ్బలు తినదు.

గుద్దులకు ఈ సౌకర్యం లేదు. రోజూ పూర్తి బలంతో తల మీద కొట్టుకుంటే మెదడు పాడవుతుంది. అందుకే మంచి బాక్సింగ్ జిమ్‌లలో కూడా గట్టి స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా నిజంగా తలపడే సాధన) తక్కువగా, జాగ్రత్తగా చేయిస్తారు. నన్ను బాధపెట్టేది ఇంకో రకం క్లాసులు. ఏళ్ల తరబడి గాలిలోకి గుద్దులు, వరసలు కట్టి తన్నులు, ఎదుటివాడు బొమ్మలా నిలబడితే చేసే విడిపింపులు. ఒక్కసారి కూడా ఎదురుదెబ్బ తినని మనిషికి బెల్టు ఇచ్చి, నీకు ఆత్మరక్షణ వచ్చేసిందని చెప్పడం చాలా ప్రమాదం. న్యాయంగా ఇది కూడా చెప్పాలి: స్పారింగ్ ఉన్న బాక్సింగ్ క్లాసు, ఎదిరింపు లేని జియుజిట్సు క్లాసు కంటే ఎన్నో రెట్లు నయం.

ఇక దెబ్బల పక్షాన ఉన్న బలం. దాడిచేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో అయితే ఒకణ్ణి పట్టుకుని కూర్చోవడం ఆత్మహత్యతో సమానం. మిగిలినవాళ్లు తల మీద తన్నుతారు. అక్కడ కావలసింది అడుగులు కదపడం, దూరం ఉంచడం, దారికి అడ్డొచ్చినవాణ్ణి కొట్టి పరుగెత్తడం. బాక్సింగ్ ఈ అలవాటును చాలా త్వరగా ఇస్తుంది. కొన్ని నెలల్లోనే ముఖం మీదికి వస్తున్న చేతిని చూసి కళ్లు మూసుకోకపోవడం, గడ్డం దించి చేతులు అడ్డం పెట్టడం వచ్చేస్తుంది. పట్లు మాత్రమే నేర్చిన కొందరికి ఇది రాదు. జిమ్‌లో ఎవరూ గుద్దరు కాబట్టి ముఖం తెరిచి పెట్టి వంగడం అలవాటవుతుంది. బయట మొదటి గుద్దుకే దిమ్మ తిరుగుతుంది.

అయితే ఒట్టి పిడికిలిని నమ్ముకోవడం మీద నాకు అనుమానం ఉంది. 1988లో మైక్ టైసన్ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న రోజుల్లో, న్యూయార్క్ హార్లెమ్‌లో మిచ్ గ్రీన్ అనే మరో బాక్సర్‌తో వీధిలో గొడవపడి తన కుడిచేతి ఎముక విరగ్గొట్టుకున్నాడు. పట్టీలు, గ్లవ్స్ లేకుండా నుదుటి ఎముక మీద గుద్దితే చాలాసార్లు విరిగేది కొట్టినవాడి చెయ్యే. సాధారణంగా చిటికెన వేలి వెనక, అరచేతిలోని ఎముక విరుగుతుంది. ఎదుటివాడి పన్ను గీరుకుని పిడికిలి కణుపు మీద చిన్న గాయమైనా తేలిగ్గా తీసుకోకూడదు. నోటిలోని క్రిములు కీలులోకి చేరి చెయ్యి పాడవుతుంది, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అరచేతి కింది గట్టి భాగంతో తోసినట్టు కొట్టడం, దగ్గరలో మోచేయి, దూరంలో కాళ్ల మీద తన్ను, ఇవి తెలిస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది.

నేల మీద పోరాటం గురించి ప్రచారంలో ఉన్న మాట ఒకటి ఉంది. 90 శాతం గొడవలు నేల మీదే తేలతాయట. దీనికి ఆధారంగా చూపించేది లాస్ ఏంజెలెస్ పోలీసుల 1988 నాటి ఘటనల లెక్కలు. పోలీసు పని మనిషిని అదుపులోకి తీసుకుని బేడీలు వేయడం, అందుకోసం వాళ్లే కింద పడుకోబెడతారు. తప్పించుకుని పోవాలనుకునే మనిషికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? నేల మీదికి కావాలని వెళ్లడాన్ని నేను సమర్థించను. సిమెంటు నేల, రాళ్లు, గాజు ముక్కలు జిమ్ మ్యాట్‌లా ఉండవు.

కానీ పడిపోవడం మన చేతిలో లేదు. అప్పుడు వెల్లకిలా పడి కాళ్లను ఎదుటివాడి వైపు తిప్పి, దగ్గరికి రాబోతే మోకాలి కింద తన్నుతూ, సందు దొరకగానే ఒక చేయి ఆనించి లేవడం జియుజిట్సులో మొదట్లోనే నేర్పుతారు. 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీతో తలపడిన రెజ్లర్ ఆంటోనియో ఇనోకి, 15 రౌండ్లలో ఎక్కువ భాగం నేల మీదే ఉండి అలీ కాళ్ల మీద తన్నుతూ గడిపాడు. ప్రపంచంలోనే మేటి బాక్సర్ ఆ మొత్తం పోటీలో వేసిన గుద్దులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోటీ డ్రా అయింది. తర్వాత అలీ కాళ్లకు చికిత్స కోసం ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ప్రేక్షకులకు విసుగు పుట్టించిన ఆ పోటీని నేను ఆత్మరక్షణ పాఠంగానే చూస్తాను.

ఆడవాళ్ల విషయంలో పట్లు ఇంకా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, దాదాపు ప్రతి ముగ్గురు మహిళల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొంటున్నారు. అందులో ఎక్కువ భాగం భర్త లేదా సన్నిహిత భాగస్వామి నుంచే. అలాంటి దాడి దూరం నుంచి రాదు. గదిలో, మంచం మీద, చేతులు అదిమిపట్టి, మీద బరువు వేసి జరుగుతుంది. తుంటిని ఒక్కసారిగా పైకెత్తి మీదున్నవాణ్ణి పక్కకు దొర్లించడం, తుంటిని వెనక్కి జరిపి మధ్యలోకి మోకాలు దూర్చడం ఇక్కడ ప్రాణం కాపాడే విద్యలు. కింద పడుకుని ఉన్న మనిషి గుద్దులో బలం ఉండదు.

టెక్నిక్ ఒక్కటే చాలదన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. కెనడాలో యూనివర్సిటీ మొదటి సంవత్సరం విద్యార్థినులకు 12 గంటల శిక్షణ ఇచ్చి చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఏడాదిలోపు అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందనివారిలో 9.8 శాతం ఉంటే, పొందినవారిలో 5.2 శాతం. ఆ 12 గంటల్లో పెనుగులాట, దెబ్బలు కొంత భాగమే. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాద సంకేతాలు గుర్తించడం, మొహమాటం లేకుండా గట్టిగా వద్దని చెప్పడం, అవసరమైతే వెనకాడకుండా ఎదిరించడం మిగతా భాగం. ఆత్మరక్షణ పేరుతో నడిచే ప్రతి క్లాసులోనూ ఇది ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

మోతాదు సంగతి చూసినా పట్లదే పైచేయి. తాగి రెచ్చిపోయిన బంధువునో, కోపంలో ఊగిపోతున్న స్నేహితుడినో ఆపాలంటే గుద్దలేం కదా. వెనక నుంచి నడుము చుట్టి పట్టుకుని ఆపొచ్చు, అవసరమైతే పట్టు సడలించొచ్చు. గుద్దును ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. ఒక్క గుద్దుకు స్పృహ తప్పి, వెనక్కి పడి, తల నేలకు తగిలి చనిపోయినవాళ్లు ఉన్నారు. అలాంటి మరణాల తర్వాతే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2014లో ప్రత్యేక చట్టం తెచ్చింది. ఆత్మరక్షణలో కూడా ప్రమాదానికి తగినంత బలమే వాడాలన్న సూత్రం చాలా దేశాల చట్టాల్లో ఉంది.

పట్టు అంటే ప్రమాదం లేదని అర్థం కాదు. మెడకు రెండు వైపులా ఉండే రక్తనాళాలు సరిగ్గా నొక్కుకుపోతే మనిషి పది సెకన్ల అటూఇటూగా స్పృహ తప్పుతాడు. ఇంకా వదలకపోతే మెదడుకు, ప్రాణానికే ముప్పు. 2020 తర్వాత చాలా పోలీసు విభాగాలు మెడ పట్లను నిషేధించింది ఇందుకే. బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు ఆనించి ఉంచడం కూడా ఊపిరి ఆపేస్తుంది. ఎదుటివాడు కదలడం మానితే వెంటనే బరువు తీసి పక్కకు తిప్పాలి.

కత్తి గురించి ఎక్కువ చెప్పను. పరుగెత్తే దారి ఉంటే పరుగెత్తాలి, డబ్బు అడిగితే ఇచ్చేయాలి. ఏ దారీ లేకపోతే కత్తి ఉన్న చేతిని రెండు చేతులతో పట్టి వదలకపోవడం కొంత ఆశ. అది కూడా పట్ల విద్యే, అయినా గాయాలు తప్పవు.

కొత్తగా చేరేవాళ్లకు నా సలహా జూడో లేదా కుస్తీ, అది దొరక్కపోతే నిలబడి చేసే పట్లు కూడా నేర్పే జియుజిట్సు క్లాసు. కొంతకాలం గడిచి, ఎదుటివాడు తోసినా లాగినా కాళ్లు తడబడని స్థితి వచ్చాక బాక్సింగ్ కలుపుకోవాలి. ఊళ్లో మంచి బాక్సింగ్ జిమ్ ఒక్కటే ఉంటే దాన్నే ఎంచుకోండి, పట్ల కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండొద్దు. చేరే ముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. ఎదుటివాడు నిజంగా ఎదిరించే సాధన ప్రతి వారం ఉందా, కొత్తవాళ్లను గాయపడకుండా చూసుకుంటున్నారా అన్నవే చూడాలి. గోడ మీది కప్పులు, ఫొటోలు చూడనక్కర్లేదు.

వయసు పైబడినవాళ్లకు, మోకాళ్లు, మెడ బాగోలేనివాళ్లకు జూడో విసుర్లు తగవు. వాళ్లు ట్రైనర్‌కు ముందే చెప్పి, ప్యాడ్ల మీద గుద్దులు, పట్టుకున్న చేయి విడిపించుకోవడం వరకు చేయొచ్చు. మెల్లగా, తక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టి తల తగలకుండా పడటం, చేయి ఆనించి లేవడం మాత్రం డాక్టరు వద్దంటే తప్ప మానకూడదు. దాడి ఎప్పటికీ జరగకపోయినా, తడి నేల మీద కాలు జారిన రోజున అవి పనికొస్తాయి.