దూరపు జైలా, సొంత ప్రాంతపు జైలా: ఏది మేలు?

2019 ఆగస్టులో కశ్మీర్ నిర్బంధితులను ఆగ్రా జైలుకు తరలించినప్పటి నుంచి ఇలాంటి ఖైదీలను ఇంటికి దూరంగా ఉంచాలా, దగ్గరే ఉంచాలా అని అడిగేవాళ్లు తగ్గలేదు. చట్టం సంగతి తెలిసిందే. స్థానికులను రాష్ట్రం దాటించకూడదని అక్కడి ప్రజా భద్రతా చట్టంలో ఉన్న షరతును 2018లోనే తీసేశారు. తరలించవచ్చా అన్నది పక్కనపెట్టి, తరలిస్తే ఏం ఒరుగుతుందో చూద్దాం.

స్పెయిన్ 1989 నుంచి, ఉత్తరాన ఉన్న తన బాస్క్ ప్రాంతానికి స్వాతంత్ర్యం కోరిన సాయుధ సంస్థ ఈటీఏ ఖైదీలను దేశమంతా చెదరగొట్టింది. జైల్లో సంస్థ పెత్తనం సాగకూడదు, మనసు మారినవాడు తోటివాళ్లకు జంకకుండా బయటపడాలి అన్నది లెక్క. తీసిపారేసే వాదనేం కాదు. ఉత్తర ఐర్లండ్‌లో సాయుధ సంస్థల ఖైదీలను ఒక్కచోటే, మేజ్ జైల్లో పెడితే, లోపల ఖైదీల కమాండర్ల మాటే చెల్లింది. 1981 నిరాహార దీక్షలో పదిమంది చనిపోయారు. 1983లో ఒక్కరోజే 38 మంది పారిపోయారు. అయితే 1998 జనవరిలో శాంతి చర్చలు చెడిపోయేలా ఉంటే, బ్రిటిష్ మంత్రి మో మౌలమ్ ఆ జైలుకే వెళ్లి లాయలిస్టు (బ్రిటన్‌తోనే ఉండాలనే వర్గం) ఖైదీలను ఒప్పించారు. వాళ్లు తలా ఒక మూల ఉంటే ఆమె ఎవరితో మాట్లాడేది?

నా మటుకు అసలు తూకం ములాఖత్ దగ్గరే. బాస్క్ నగరం బిల్బావో నుంచి స్పెయిన్ దక్షిణాన ఉన్న ప్యుర్టో డి సాంటా మరియా జైలుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు. అద్దం అవతల నలభై నిమిషాల కోసం ముసలి తల్లులు, చంటిపిల్లలు వారాంతమంతా రోడ్డు మీదే. దారిలో ప్రమాదాల్లో పోయినవాళ్లూ ఉన్నారు. ఏ కోర్టూ వీళ్లకు శిక్ష వేయలేదు. ఈటీఏ చంపినవాళ్లు 800 మందికి పైనే, వాళ్ల ఇళ్లవాళ్లకు ఏ ములాఖత్ ఉందని అడుగుతారు. నిజమే, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ తల్లిని తిప్పితే ఆ లెక్క తీరదు కదా.

మూడో దారి సముద్రం దాటించడం. అండమాన్‌లో అదీ చూశాం. 1937 దీక్షల తర్వాత రాజకీయ ఖైదీలను వెనక్కి తేవాల్సి వచ్చింది. ఇక వీడియో ములాఖత్ అదనంగా ఉంటే మంచిదే, అసలుకు బదులు కాదు.

దూరం వేరు, విడదీయడం వేరు. రెండింటినీ కలిపేయడమే చిక్కంతా. బాస్క్ ప్రాంతంలోనే మూడు జైళ్లున్నాయి, పక్కనే పాంప్లోనా జైలు. దగ్గరే ఉంచి, వేర్వేరు జైళ్లలో, వేర్వేరు బ్లాకుల్లో పెట్టొచ్చు. ఈటీఏతో తెగతెంపులు చేసుకున్న ఖైదీలను స్పెయినే తర్వాత బాస్క్ నేల మీది నాన్‌క్లారెస్ జైలుకు చేర్చింది. అంటే సంస్థను వదిలినవాడికి ప్రభుత్వం చూపిన ఆశ కూడా ఇంటి దగ్గరి జైలే. 2011లో ఈటీఏ తుపాకీ దించింది, 2018లో సంస్థే రద్దయింది. చివరి ఖైదీలు సొంత ప్రాంతానికి చేరింది మాత్రం 2023 మార్చిలో. లేని సంస్థ పెత్తనాన్ని విరగ్గొట్టడానికి ఆ అయిదేళ్లు వాళ్లను ఎందుకు దూరంగా ఉంచారో నాకైతే అంతుపట్టదు.