ఎండ తక్కువ ఊరి కోసం: మదనపల్లె, కోయంబత్తూరు, మైసూరు చూసొచ్చాక

విజయవాడలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మావారికి గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి మే నెల వస్తోందంటేనే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పగలంతా ఏసీ గదిలో కూర్చోవాలి. కరెంటు పోతే తడిగుడ్డ, విసనకర్ర. సాయంత్రం ఆరింటికి కూడా వడగాడ్పు తగ్గదు. నాది టీచర్ పెన్షన్, ఆయనది బ్యాంకు పెన్షన్. పిల్లలు దూరంగా ఉన్నారు. మిగిలిన రోజులు కాస్త చల్లని ఊళ్లో గడుపుదామని ఇద్దరం అనుకుని, బంధువులు, స్నేహితులు చెప్పిన ఊళ్లన్నీ విడతలు విడతలుగా చూసొచ్చాం.

అద్దెతో కలిపి నెల ఖర్చు నలభై వేలు దాటకూడదు. తెల్లవారుజామున నేను ఒక్కదాన్నే నడకకు వెళ్లినా భయం ఉండకూడదు. ఇంటి నుంచి పాలు, కూరగాయలు, మందుల షాపు నడిచివెళ్లేంత దూరంలో ఉండాలి. వీటికి నేను ఒకటి కలిపాను: రాత్రి రెండింటికి గుండెనొప్పి వస్తే అరగంటలో యాంజియోప్లాస్టీ చేసే ఆస్పత్రికి చేరాలి. చివరకు ఊళ్లను వడపోసింది ఈ షరతే.

అరకు పేరు చాలామంది చెప్పారు. చలికాలంలో అరకు, లంబసింగి చూసినవాళ్లకు అక్కడే ఉండిపోవాలనిపించడం సహజం. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడం కుదరదు. "వేరేవాళ్ల పేరు మీద రాయించుకోవచ్చమ్మా" అన్న ఏజెంటు మాకూ తగిలాడు. ఆ చట్టం గిరిజనుల భూమి వాళ్ల చేతుల్లోనే ఉండటానికి వచ్చింది, ఉండి తీరాలి. రిటైరయ్యాక దొడ్డిదారిన సంపాదించిన ఇంట్లో నిద్ర ఎలా పడుతుంది? అరకుకు సెలవులకు వెళ్తాం, అక్కడితో సరి.

విశాఖ మాకు బాగా తెలిసిన ఊరు. సముద్రం వల్ల విజయవాడ అంత ఎండ ఉండదు, ఆస్పత్రులకు లోటు లేదు. ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీ ఉంది, కేజీహెచ్ ఉంది, భాషతో ఇబ్బంది లేదు. ఉక్కపోత మాత్రం మావారు తట్టుకోలేకపోయారు. సీతమ్మధార, ఎంవీపీ కాలనీల్లో అద్దెలు మా బడ్జెట్ దాటిపోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఆడపడుచు వాళ్లు అక్కడే ఉన్నారు. కరెంటు, నీళ్లు లేక వాళ్లు పడ్డ బాధ విన్నాక ఇంకొంచెం వెనకాడాం.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. విజయవాడ దాదాపు సముద్రమట్టానికి దగ్గరలోనే ఉంది, పైగా మేలో పడమటి నుంచి వేడిగాలులు వీస్తాయి. కాబట్టి 700, 800 మీటర్ల ఎత్తున్న పీఠభూమి ఊళ్లు చూడాలని మావారు మ్యాప్ ముందేసుకుని తేల్చారు. మన రాష్ట్రంలో ఆ లెక్కకు సరిపోయే ఊరు మదనపల్లె.

తిరుపతి దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బస్సులో వెళ్లాం. మదనపల్లె రోడ్ స్టేషన్ ఊరికి పది కిలోమీటర్ల పైనే ఉంది, సామానుతో వచ్చే పెద్దవాళ్లకు బస్సే నయం. ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పొడిగా, తేలిగ్గా ఉంది. వందేళ్ల కిందట క్షయరోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం ఇక్కడే ఎందుకు కట్టారో ఆ ఉదయపు గాలి పీలిస్తే అర్థమైంది. ఆ ప్రాంగణంలో చెట్ల కింద నడిచాం. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చింది ఈ ఊరి దివ్యజ్ఞాన కళాశాలలోనే. నేను ఏళ్ల తరబడి పిల్లల చేత ఆ పాట పాడించినదాన్ని, ఆ కాలేజీ గేటు దగ్గర కాసేపు నిలబడిపోయాను.

బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ తెల్లవార్లూ లారీల హారన్లు. టమాటా మార్కెట్ నడిచే ఊరు కదా, కోతల కాలంలో లారీలకు రాత్రీ పగలూ లేదు. ఇల్లు చూడాలంటే మార్కెట్‌కూ మెయిన్ రోడ్డుకూ దూరంగా చూడాలి. బెంగళూరు రోడ్డు వైపు రెండు పడగ్గదుల ఇల్లు తొమ్మిది వేలు చెప్పారు. "ఏంమ్మా, యాడ నుంచి వచ్చినారు? పిల్లోళ్లు ఎవురూ ఉండరా మీతో?" అంటూ ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, ఎదురింటివాళ్లకు కూడా పరిచయం చేసింది. అలాంటి పలకరింపు దొరికితే వయసు మీద పడ్డవాళ్లకు సగం భయం పోతుంది. ఈ ఊరి మీద మనసు పడటానికి ఆవిడే సగం కారణం.

నీళ్ల గురించి మాత్రం గట్టిగా అడగండి. బోరు ఎంత లోతు, వేసవిలో ట్యాంకర్ కొనాలా, తాగడానికి ఏ నీళ్లు అని మూడిళ్లలో అడిగితే మూడు రకాల జవాబులు వచ్చాయి. ఇక ఆస్పత్రి సంగతి. జ్వరానికి, బీపీకి, ఎముక విరిగితే ఊళ్లోనే చూస్తారు. గుండె సంగతి అడిగితే అక్కడి డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు: "ఆయన పరిస్థితికి తిరుపతో బెంగళూరో దగ్గరుంటేనే మేలమ్మా." రెండు ఊళ్లూ నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. గుండె జబ్బు లేని దంపతులు అడిగితే మాత్రం నేను మొదట మదనపల్లె పేరే చెప్తాను.

హార్స్‌లీ హిల్స్ పక్కనే ఉంది, సుమారు 1,265 మీటర్ల ఎత్తు. పర్యాటక శాఖ హరిత రిసార్టులో గది తీసుకుంటే రెండు రోజుల విశ్రాంతికి చాలా బాగుంటుంది. కాపురానికి మాత్రం పనికిరాదు, మందుబిళ్ల కావాలన్నా కొండ దిగాలి. కూనూరు గురించీ అదే మాట. నీలగిరుల్లో 1,850 మీటర్ల ఎత్తు, అంత అందమైన ఊరు నేను చూడలేదు. కానీ ఏ ఇంటికి వెళ్లాలన్నా మెట్లు, వాలు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లు పొద్దున రెండు గంటలే ఇచ్చేవారు, దుప్పట్లకు చెమ్మ వాసన. నా మోకాళ్లు మూడో రోజుకే మొరాయించాయి. పెద్ద జబ్బు చేస్తే ఘాట్ రోడ్డు దిగి కోయంబత్తూరు రావాలి, వానాకాలంలో కొండచరియలు పడితే ఆ దారీ ఉండదు.

ఎలాగూ దిగాల్సిన ఊరే కదా అని కోయంబత్తూరు వచ్చాం. ఎత్తు 400 మీటర్ల పైచిలుకే. అయినా పడమటి కనుమల్లో పాలక్కాడ్ దగ్గర ఉన్న ఖాళీలోంచి నైరుతి గాలి దూసుకొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు హాయిగా ఉంటాయట. మార్చి, ఏప్రిల్‌లో మాత్రం ఎండ ఎండే. ఆస్పత్రుల విషయంలో మేం చూసిన ఊళ్లలో దీనికి సాటి లేదు. ఎముకలకు గంగా, కంటికి అరవింద్, పెద్ద జబ్బులకు పీఎస్‌జీ, కేఎంసీహెచ్. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ నాయుళ్లు ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు. కూరగాయల షాపులో మా మాటలు విని ఒక పెద్దాయన తెలుగులో పలకరించినప్పుడు మావారి ముఖం వెలిగిపోయింది.

రిటైరైనవాళ్ల కోసం కట్టిన కమ్యూనిటీలు ఈ ఊరి చుట్టూ చాలా ఉన్నాయి. ఒకదాంట్లో అతిథి గది తీసుకుని కొన్నాళ్లు ఉండి చూశాం. కొనే ఆలోచన ఉన్నవాళ్లు తప్పకుండా ఇలా ఉండి చూడాలి, బ్రోచర్ చూసి డబ్బు కట్టొద్దు. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు, జారని టైల్స్, వీల్‌చైర్ పట్టే తలుపులు, మంచం పక్కన బజర్ ఉన్నాయి. ఆఫీసువాళ్ల అనుమతి తీసుకుని, నర్సుకు తెలియకుండా రాత్రి పదకొండింటికి బజర్ నొక్కి చూశాను. మూడు నిమిషాల్లో వచ్చింది. విసుక్కోకుండా బీపీ కూడా చూసి వెళ్లింది ఆ పిల్ల. భోజనం పూర్తిగా శాకాహారం. ఇడ్లీ, రసం బాగుంటాయి, కానీ పప్పులో కారం లేదు, పచ్చడి లేదు, ఆదివారం చేప ముక్క లేదు. గదిలో వండుకోవచ్చు కానీ, భోజనం డబ్బులు తిన్నా తినకపోయినా కట్టాలి.

అక్కడ ఒంటరిగా ఉంటున్న నెల్లూరు ఆవిడ ఒకరు నాతో చాలాసేపు మాట్లాడారు. భర్త పోయాక ఇక్కడికి రాకపోతే ఏమైపోయేదాన్నో అన్నారు. చెల్లించే నిర్వహణ రుసుము ఏటా పెరుగుతోందనీ, అమ్ముదామంటే యాభై అయిదేళ్లు దాటినవాళ్లే కొనుక్కుని ఉండాలన్న నియమం వల్ల బేరం తేలదనీ చెప్పారు. తల్లిదండ్రుల తర్వాత పిల్లలకు ఆస్తి హక్కు వస్తుంది కానీ అందులో ఉండే వీలు ఉండదు. ఇలాంటి ఇళ్ల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని దగ్గర పెట్టుకుని, నిర్వహణ సంస్థ మారితే ఏమవుతుంది, రుసుము పెంపుకు పరిమితి ఉందా, మంచాన పడితే చూసుకుంటారా పంపేస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. చివరి ప్రశ్నకు మాకు అక్కడ సూటి జవాబు రాలేదు. ఇద్దరం నడవగలిగినంత కాలం ఇలాంటి చోటు మాకు అక్కర్లేదు, ఒక్కరే మిగిలితే అప్పుడు ఇదే నయం అని మావారు అన్నారు. నేనూ ఒప్పుకున్నాను.

మైసూరు చేరిన మర్నాడే నాకు ఆ ఊరు నచ్చింది. 760 మీటర్ల ఎత్తు. ఏప్రిల్‌లో సాధారణంగా 34, 35 డిగ్రీల దాకా వెళ్తుంది, తర్వాత మామిడికాయల కాలపు జల్లులు పడి చల్లబడిపోతుంది. కావేరి నీళ్లు కుళాయిలో వస్తాయి. 2015 స్వచ్ఛ భారత్ ర్యాంకుల్లో, 2016 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలోనే మొదటి స్థానం తెచ్చుకున్న ఊరు, ఆ శుభ్రత సరస్వతీపురం, కువెంపునగర వీధుల్లో కనిపిస్తుంది. ఫుట్‌పాత్ ఉంది, దాని మీద నడిచే మనుషులూ ఉన్నారు. తెల్లవారుజామున కుక్కరహళ్లి చెరువు గట్టుకు వెళ్తే నా వయసు ఆడవాళ్లు ఒంటరిగా, జంటగా, చీరల మీద స్వెట్టర్లు వేసుకుని నడుస్తున్నారు. ఊరు భద్రమా కాదా అని తెలుసుకోవడానికి నేను ఎవర్నీ అడగను, తెల్లవారుజామున, రాత్రి తొమ్మిది తర్వాత రోడ్డు మీద ఆడవాళ్లు ఉన్నారా అని చూస్తాను. ఇక్కడ రెండు పూటలా ఉన్నారు.

అసలు విషయం, కేఆర్ఎస్ రోడ్డులో జయదేవ హృద్రోగ సంస్థ ఆస్పత్రి. ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే గుండె ఆస్పత్రి. మావారి పాత రిపోర్టులు పట్టుకెళ్లి ఓపీలో చూపించాం. రద్దీ చాలా ఎక్కువ, వరుసలో ఓపిగ్గా నిలబడాలి. కానీ డాక్టరు రిపోర్టులన్నీ చదివి, మందుల్లో ఒకటి మార్చి, అర్థమయ్యేలా చెప్పారు. మేం చూసిన ఇంటి నుంచి పగటి ట్రాఫిక్‌లోనే ఆటోలో ఇరవై నిమిషాలు పట్టింది. ప్రైవేటులో జేఎస్ఎస్ ఉంది. నా ఈహెచ్ఎస్ కార్డు (ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే వైద్య పథకం కార్డు) రాష్ట్రం బయట కొన్ని ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది, అందుకే మావారి బ్యాంకు రిటైరీల గ్రూపు ఇన్సూరెన్స్‌ను ప్రీమియం ఎంత పెరిగినా వదలకూడదని నిర్ణయించాం. వేరే రాష్ట్రానికి వెళ్లే పెన్షనర్లు ముందు ఈ కార్డుల సంగతే తేల్చుకోవాలి.

అద్దెలు పద్నాలుగు నుంచి పద్దెనిమిది వేలు చెప్పారు. కొందరు లీజు అన్నారు: పదిహేను లక్షలు ఒకేసారి ఇస్తే నెల అద్దె ఉండదు, ఖాళీ చేసినప్పుడు మొత్తం తిరిగిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ అదే పదిహేను లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 8.2 శాతానికి వేస్తే నెలకు 10,250 రూపాయల లెక్కన వస్తుంది. అంటే లీజు ఇల్లు ఊరికే రాదు, పదివేల అద్దె కట్టినట్టే. పైగా ఓనరు ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు తీసుకుని ఉంటే మన డబ్బు ఇరుక్కుంటుంది. పెద్దవయసులో అంత సొమ్ము ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. మామూలు అద్దెకే మొగ్గాం.

లోటు భాషే. కూరల షాపులో, ఆటోలో నెట్టుకొచ్చాం కానీ, ఇరుగుపొరుగుతో కష్టసుఖాలు చెప్పుకోవాలంటే కన్నడ రావాలి. లిపి మనదానికి దగ్గరే కాబట్టి బస్సుల బోర్డులు చదవగలుగుతున్నాను, మాట నేర్చుకోవాలి. సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి ఉచితం, అయితే కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. నేను టికెట్ కొన్నాను. ఆ కాస్త డబ్బు కోసం ఇప్పుడే ఆధార్‌లో చిరునామా మార్చే ఆలోచన లేదు.

సరస్వతీపురంలో కింది అంతస్తు ఇల్లు పదకొండు నెలల అగ్రిమెంటుకు తీసుకున్నాం, అద్దె పదిహేను వేలు. ఓనరు పది నెలల అడ్వాన్సు అడిగారు, బతిమాలి అయిదు నెలలకు ఒప్పించాం. బాత్రూములో కడ్డీలు మా ఖర్చుతో బిగించుకోవడానికి అనుమతి రాయించుకున్నాం. విజయవాడ ఇల్లు అమ్మడం లేదు, తాళం వేసి పక్కింటి పిన్నిగారికి ఇస్తున్నాం. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు, అక్కడి నుంచి ఇంకో రైల్లో మైసూరు. గుంటూరు కారం, ఆవకాయ జాడీ, మావారి రిపోర్టుల ఫైలు నా చేతి సంచిలోనే పెట్టుకుంటాను. జులై, ఆగస్టు ముసురుకు నా మోకాళ్లు, ఏప్రిల్ ఎండకు ఆయన గుండె ఎలా ఉంటాయో చూశాక అగ్రిమెంటు పొడిగించాలా వద్దా అన్నది తేలుస్తాం.