మూడు అడిగితే ఒకటే ఇచ్చిన అంగడి

బెంగళూరు మారతహళ్ళి దగ్గర మేముండే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో చేపల తొట్టి పగిలిపోయాక, దాని స్థానంలో ఒక ఎడారి పెట్టెను అమర్చాలని నివాసుల సంఘం తీర్మానించి, ఆ పని నాకు అప్పగించింది. ఇసుక, రాళ్ళు, వాటి మీద వెచ్చగా పడుకున్న మూడు నాలుగు బల్లులు, ఇదీ అందరి ఊహ. విదేశీ పెంపుడు జీవులను మాత్రమే అమ్మే ఒక అంగడిలో రెండు నెలల క్రితం కొన్నాము. ఆ అనుభవం మీద రాస్తున్న అభిప్రాయమిది.

యజమాని కోలారు వైపు తెలుగు మాట్లాడే మనిషి. బియర్డెడ్ డ్రాగన్ అనే జాతి బల్లులు మూడు కావాలనగానే బిల్లు రాయకుండా పెట్టె కొలతలు అడిగారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంతే ఎత్తు అని చెప్పాను. "అది ఒకదానికే సరి సార్. మూడు పెడితే ఒకటి తింటాది, రెండు చూస్తా ఉంటాయి" అన్నారు.

నాకు నమ్మకం కలగలేదు, ఎందుకంటే ఆ అంగడిలోనే ఒక గాజు పెట్టెలో రెండు డ్రాగన్ పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి హాయిగా పడుకుని కనిపించాయి. అది ప్రేమ కాదని, పైనున్నది కిందిదానికి దక్కవలసిన వేడినీ అతినీలలోహిత కాంతినీ ఆక్రమిస్తోందని, అమ్ముడయ్యేదాకా చోటు లేక వాటిని కలిపి ఉంచానని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. కాసేపటికి పైనున్నది తల ఎగరేస్తే కిందిది ముందుకాలు ఎత్తి నెమ్మదిగా గాలిలో తిప్పింది. చూసేవారికి చేయి ఊపి పలకరించినట్టుంటుంది కానీ, అది ఓటమి ఒప్పుకోవడం. మన పెరటి తొండ కూడా ఈ కుటుంబానిదే కనుక ఆ తల ఎగరేయడం మనకు కొత్త కాదు. గోడ మీది బల్లికి తెగిన తోక మళ్ళీ మొలుస్తుంది, బియర్డెడ్ డ్రాగన్‌కు మొలవదు. కలిపి పెంచిన పిల్లలు ఒకదాని కాలివేళ్ళూ తోక కొసా మరొకటి కొరికేయడం మామూలేనట.

మరి గుంపుగా ఉండగల జాతి ఏదీ లేదా అని అడిగాను. లెపర్డ్ గెక్కో అనే బల్లిలో ఆడవాటిని కలిపి పెంచేవారున్నారు, కానీ అది పగలంతా గుహలో దాక్కుని చీకటి పడ్డాక బయటికి వస్తుంది కాబట్టి నలుగురూ చూసే పెట్టెకు పనికిరాదు. థార్, కచ్ ప్రాంతాల సాండా బల్లి చూడముచ్చటగా ఉంటుంది గానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి. దాన్ని ఎవరైనా అమ్మజూపితే ఆ అంగడి గడప దిగి వచ్చేయడమే మంచిది. చివరికి ఒకే ఒక బియర్డెడ్ డ్రాగన్‌ను తెచ్చుకున్నాము. పూర్తిగా ఎదిగితే 45 నుంచి 60 సెంటీమీటర్లు అవుతుంది, పగలు మేలుకుని ఉంటుంది, మనుషులకు బెదరదు.

సలహాకు పూర్తి మార్కులు వేస్తాను, సామగ్రికి వేయలేను. అద్దానికి అంటించమని ఇచ్చిన ముల్లు థర్మామీటరు 32 డిగ్రీలు చూపిస్తుంటే, మా ఎలక్ట్రీషియన్ తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్ గన్ దీపం కింది రాతి మీద 49 చూపించింది. ఉండవలసింది 40 ప్రాంతంలో. దీపాన్ని పైకి జరిపి సరిచేశాము, థర్మామీటరును మాత్రం అంగడివారు వాపసు తీసుకోలేదు. అతినీలలోహిత కాంతినిచ్చే యూవీబీ ట్యూబును మొదట అద్దపు మూత పైన బిగించి వెళ్ళిన కుర్రవాడికి, ఆ కిరణాలు అద్దం దాటవన్న సంగతి తెలియదు. ఫోన్ చేస్తే యజమాని స్వయంగా వచ్చి ట్యూబును లోపలికి మార్చారు. ఆ కాంతి అందకపోతే కాల్షియం ఒంటబట్టక ఎముకలు మెత్తబడతాయి కనుక ఇది చిన్న పొరపాటేమీ కాదు. మేతగా ఇచ్చిన కీచురాళ్ళ డబ్బా మూత సరిగా పట్టక, కొన్ని తప్పించుకుని వారం రోజులు బ్యాడ్మింటన్ హాల్లో కచేరీ చేశాయి.

ఆకుల విషయంలో ఆయన చెప్పింది మా వాళ్ళకు బాగా పనికొచ్చింది. పాలకూరలోనూ తోటకూరలోనూ ఉండే ఆక్సాలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి వాటిని రోజూ వేయకూడదు. మందార పూలు, మల్బరీ ఆకులు నిశ్చింతగా వేయవచ్చు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం వల్ల, ముట్టుకున్న పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలన్న బోర్డు కూడా ఆయన చెప్పగా పెట్టిందే.

ట్యూబు వెలుగుతున్నట్టే కనిపించినా ఏడాదికల్లా యూవీబీ సన్నగిల్లుతుంది, కాబట్టి మార్చడానికి మళ్ళీ అక్కడికే వెళ్తాను. థర్మామీటరు మాత్రం వేరేచోట కొన్నాను.