ఏహెచ్‌ఏనా, బాక్స్ అండ్ బ్లాకా?

సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల్లో రెండు చేతుల సమన్వయం కొలవడానికి ఏ పరీక్ష మేలని కొత్తగా పనిలో చేరిన థెరపిస్టులు తరచూ అడుగుతుంటారు. నా మొగ్గు ఎటో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

బాక్స్ అండ్ బ్లాక్ సుళువైన పరీక్ష. 2.5 సెంటీమీటర్ల చెక్క ఘనాలను అడ్డుపలక మీదుగా ఒక్కొక్కటే అవతలికి వేయాలి. 60 సెకన్లలో ఎన్ని వేస్తే అంత స్కోరు. 6 ఏళ్లు దాటిన పిల్లలకు వయసువారీ ప్రమాణాలు 1985 నుంచీ ఉన్నాయి, కాబట్టి సెరిబ్రల్ పాల్సీ లేని పిల్లలతో పోల్చడం తేలిక. అయితే అది ఒక్కో చేతినీ విడిగా చూస్తుంది. ఆ రెండు అంకెలను కూడినా, తీసివేసినా సమన్వయం తేలదు. చేతి పనులకు పట్టే సమయాన్ని కొలిచే జెబ్సన్-టేలర్ పరీక్ష కూడా ఇదే కోవలోది.

స్వీడన్‌లో లెనా క్రుమ్లిండె-సుండ్‌హోల్మ్, ఆన్-క్రిస్టిన్ ఎలియాసన్ రూపొందించిన అసిస్టింగ్ హ్యాండ్ అసెస్‌మెంట్ (ఏహెచ్‌ఏ) దారి వేరు. ఒకవైపు మాత్రమే బలహీనత ఉన్న 18 నెలల నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఇది వర్తిస్తుంది. పది, పదిహేను నిమిషాల ఆటను వీడియో తీసి, తర్వాత 20 అంశాలపై మార్కులు వేస్తారు. 'ఆ చేత్తో పట్టుకో' అని ఎవరూ చెప్పరు. బొమ్మలే రెండు చేతులనూ కోరేలా ఉంటాయి. బలహీనమైన చేయి తనంతట తాను ముందుకొస్తుందా, పట్టు సర్దుకుంటుందా, లేక పిల్లవాడు డబ్బాను ఒడిలో ఇరికించుకుని ఒంటిచేత్తోనే మూత తీస్తాడా? నాకు తేల్చే విషయం ఇదే. అడిగితే చక్కగా పట్టుకునే చేయి, అడగనప్పుడు ఊరికే వేలాడుతూ ఉండవచ్చు. ఆ తేడా గడియారానికి అందదు.

దీనికీ ఇబ్బందులున్నాయి. శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, కిట్ కొనాలి, వీడియో చూస్తూ మార్కులు వేయడానికి సమయం పడుతుంది. 0-100 కొలమానంలో మార్పు 5 యూనిట్లకు తక్కువైతే దాన్ని మెరుగుదలగా లెక్కించరు. మూడు యూనిట్లు పెరిగిందని తల్లిదండ్రులకు శుభవార్త చెప్పేయకండి. రెండు వైపులా బలహీనత ఉంటే బోత్ హ్యాండ్స్ అసెస్‌మెంట్ వాడాలి.

సెరిబ్రల్ పాల్సీ లేని పిల్లలతో పోల్చడమే పరిశోధన లక్ష్యమైతే మాత్రం ఏహెచ్‌ఏ సరిపడదు, అది వారి కోసం తయారైంది కాదు. అక్కడ సొరుగు ప్రయోగం మేలు. ఒక చేత్తో సొరుగు లాగుతూ, రెండో చేత్తో లోపలి బటన్ నొక్కాలి. మామూలుగా మొదటి చేయి ఇంకా లాగుతుండగానే రెండోది బయలుదేరుతుంది. ఒకవైపు సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఈ కలయిక తక్కువ, ఒక చేతి పని ముగిశాక రెండోది మొదలయ్యే ధోరణి ఎక్కువ. కచ్చితమైన కొలతకు కదలికలను నమోదు చేసే పరికరాలు కావాలి. అవి లేని క్లినిక్‌లో ఫోను వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే వరస కనబడుతుంది గాని, దానికి స్కోరు వేయకూడదు.

ఇక ఎంఏసీఎస్ అసలు పరీక్షే కాదు, పిల్లలు రోజువారీ పనుల్లో చేతులను ఎలా వాడతారో చెప్పే 5 స్థాయిల వర్గీకరణ. ఎబిల్‌హ్యాండ్-కిడ్స్ తల్లిదండ్రులు నింపే 21 అంశాల ప్రశ్నావళి. ఇంటి సంగతి తెలుస్తుంది కాబట్టి ఏహెచ్‌ఏతో పాటు ఇస్తే నష్టం లేదు.